బంగళా గఫూర్ గిటారు

5-2-1968, సోమవారం, పులివెందుల

ఈరోజు నా దగ్గర నేర్చుకునే చిన్నపిల్ల అలివేలు, పైస్థాయి షడ్జం సరిగ్గా పలికించిందో లేదో నాకు తెలియలేదు. వేలు ఎక్కడ పడిందో చూసి బాగుంది అన్నాను. ఎనిమిది నెలలుగా ఇదే పని. వయొలిన్ పాఠం కళ్లతో చెబుతున్నాను.

మధ్యాహ్నం సర్దార్ వచ్చాడు. ప్రొద్దుటూరు బ్యాండుమేళం సర్దార్. నాలుగేళ్ల కింద ఈ ఊరికి పెళ్లి ఊరేగింపుకు వచ్చి, మా వీధిలో నా వయొలిన్ విని, లోపలికొచ్చి స్వరాలు రాయించుకుని పోయాడు. అప్పటినుంచి కొత్త పాట ఏది వాయించాలన్నా ఇక్కడికే వస్తాడు. అక్కా అంటాడు. ఈసారి భుజాన దుప్పట్లో చుట్టిన పెద్ద మూట ఉంది. విప్పాడు. గిటారే, కానీ మామూలు గిటారు కాదు. దాదాపు అలివేలంత పొడుగు. నాలుగే తంతులు, ఒక్కోటి వడ్లగింజంత లావు. వయొలిన్‌కు ఉన్నట్టే పొట్ట మీద రెండు వంకర రంధ్రాలు. తంతుల కింద నల్లటి రేకు పెట్టె, పక్కన వైరు దూర్చే బెజ్జం.

సర్దార్ మేనమామ గఫూర్ పోయిన నెల జమ్మలమడుగులో చనిపోయాడు. గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో, అంటే రైల్వేవాళ్ల క్లబ్బులో, అటెండరుగా చేసి వచ్చినవాడు. అక్కడి దొర ఒకాయన దేశం వదిలిపోతూ దీన్ని ఇచ్చాడట. గఫూర్‌కు వాయించడం రాదు. ఇరవై ఏళ్లు శుక్రవారం శుక్రవారం మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ కట్టిపెట్టేవాడు. ఒక ఇంటి ధర చేస్తుందని భార్యతో చెప్పేవాడు. వీధిలోవాళ్లు నవ్వి బంగళా గఫూర్ అని పేరు పెట్టారు.

భార్య గుల్జార్‌బీ ఇద్దత్‌లో ఉంది. మొగుడు పోయాక నాలుగు నెలల పది దినాలు గడప దాటకూడదు. అందుకే సర్దార్‌ను పంపింది. దీని పేరేందో, యాడ చేసినారో, ఎంత పలుకుతుందో కనుక్కోమనింది అత్త, తంతుల సంగతి తెలిసిందానివి నువ్వే గదక్కా అన్నాడు.

అమ్ముతుందా అని అడిగాను. దుడ్ల కోసం గాదక్కా, మామ నిజం చెప్పినాడా లేదా అనేది తెల్సుకోవల్లంట, దానికే శానా పట్టు పట్టింది అన్నాడు.

నెలరోజులు నా దగ్గర ఉంచి పొమ్మన్నాను.


6-2-1968, మంగళవారం

టార్చి వేసి, చేతి అద్దం పెట్టి లోపల చూశాను. చీటీ ఉంది. కంపెనీ పేరు పురుగు తినేసింది. మిగిలింది కలకత్తా, నంబర్ 11, 1939. ఇంతే.

శ్రుతి చేయబోతే మన సా-పా-సా-పా కుదరలేదు. తంతికీ తంతికీ నడుమ సా నుంచి మా దాకా ఉన్నంత దూరం పెడితే కర్ర నెమ్మదించింది. దాని లెక్క అదే అయి ఉండాలి.


అదే రోజు, సాయంత్రం 5

పొట్టకు ఆనించుకుని కింది తంతి మీటాను. ఛాతీలోకి వచ్చింది. ఎముకల్లోకి వచ్చింది. మళ్లీ మీటాను.

విన్నాను. ఊహించుకోలేదు, వేలు చూసి అనుకోలేదు. విన్నాను.

అన్నయ్య ఆఫీసు నుంచి వచ్చేసరికి దుప్పటి కప్పేశాను. ఎందుకు కప్పానో తెలియదు.


9-2-1968, శుక్రవారం

రెండు లెటర్లు పోస్టు చేశాను. ఒకటి మద్రాసు మౌంట్ రోడ్డులో నేను వి.పి.పి.లో తంతులు తెప్పించుకునే షాపుకు. కొలతలు, చీటీ మీది అక్షరాలు, బొమ్మ గీసి పెట్టాను. రెండోది గుంతకల్లు ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీకి, ఇది ఎవరిదో, గఫూర్‌కు ఎలా వచ్చిందో తెలపమని.


14-2-1968, బుధవారం

గిటారు పని మీద జమ్మలమడుగు పోతున్నానని అన్నయ్యకు చెప్పాను. సగం నిజం. ముందు ఆసుపత్రికి పోయాను.

డాక్టరమ్మ శ్రుతి పలికే ఇనుప ఫోర్కు కొట్టి చెవి దగ్గర పెట్టింది. వినపడితే చెయ్యెత్తమంది. ఒకదాని తర్వాత ఒకటి నాలుగు ఫోర్కులు. రెండింటికి నేను చెయ్యెత్తలేదు. నరాలు ఎండిపోతున్నాయట. మందు లేదు. పై స్వరాలు ముందు పోతాయి, కిందివి ఆఖరున పోతాయి. వెల్లూరులో వినికిడి మిషన్ పెడతారు గానీ మీ చెవులకు పెద్దగా ఉపయోగపడదు అంది. ఏం పని చేస్తారని అడిగింది. చెప్పాను. ఆమె కాగితం మీద రాస్తున్న కలం ఆగింది.

అక్కడినుంచి గుల్జార్‌బీ ఇంటికి. ఒకే గది, అద్దెది. ఆమెకు యాభై దాటి ఉంటాయి. పల్చటి గొంతు, సగం మాటలు పెదాలు చూసి పట్టుకున్నాను. కష్టకాలంలో ఇత్తడి బిందెలు అమ్మారట, మంచం అమ్మారట, దీన్ని మాత్రం గఫూర్ అమ్మనీయలేదట. ఒకసారి ఆమె పోరు పడలేక ప్రొద్దుటూరు ఎత్తుకుపోతే అంగడాయన ఇరవై రూపాయలు ఇస్తానన్నాడట. మోసుకుని తిరిగొచ్చి, రెండు దినాలు ఎవరితోనూ మాట్లాడలేదట.

నేను లేచేటప్పుడు చెయ్యి పట్టుకుంది. అయిదు రూపాయలదైతే అయిదని చెప్పు టీచరమ్మా, నేనేం ఏడ్చను, ఆ మనిషి మాట యాపాటిదో నాకు తెలియల్ల, అంతే అంది.


15-2-1968

డాక్టరు చెప్పింది ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ మాత్రం రాశాను.


23-2-1968, శుక్రవారం

వయొలిన్ పెట్టె పది రోజులుగా తెరవలేదు. పిల్లలు వాళ్ల వయొలిన్లతో వస్తారు, చూస్తాను, పంపిస్తాను. తలుపు వేసి దీన్ని తీస్తాను.

నిన్న తోడి రాగం వాయించాను. మంద్రంలో, చాలా మెల్లగా. ఈ వాద్యానికి గమకం పలకదనుకున్నాను. తంతి లావు, వేలు నొక్కుకుపోతుంది, కానీ లాగితే పలుకుతుంది. వేళ్లు కాయలు కాచాయి. ఇరవై ఏళ్ల వయసులో కాచిన చోటే మళ్లీ కాచాయి.

వదిన పోయాక ఈ ఇంట్లో నేనూ అన్నయ్యే. ఆయన తాలూకా ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తిని, పేపరు చదువుతాడు. ఈ మధ్య ఇంట్లో ఏదో ఎద్దు రంకె వేసినట్టుందే అన్నాడు. నవ్వాను. నవ్వి చాలా రోజులైంది.

ఇది సర్దార్ వచ్చి తీసుకుపోతాడని రాసుకోవడం కూడా ఇష్టం లేదు.


1-3-1968, శుక్రవారం

మద్రాసు షాపు రిప్లై వచ్చింది. టైపు చేసిన రెండు పేజీలు. కింద మేనేజరు డిక్రూజ్ సంతకం.

దీన్ని బాస్ గిటారు అంటారట. కలకత్తాలో పియానోలు బాగుచేసే ఒక చిన్న కార్ఖానా యుద్ధానికి ముందు ఇలాంటివి పన్నెండు చేసి మూతపడిందట. పేరు పెద్దగా ఎవరికీ తెలియదట. వాళ్ల షాపు ఇంతవరకు ఒక్కటే చూసిందట, అదీ మెడ విరిగింది. ఇప్పుడు సినిమా రికార్డింగులకు ఈ వాద్యం కావాలని అడుగుతున్నారట, బయటి దేశం నుంచి తెప్పించుకుందామంటే లైసెన్సు దొరకదట. మెడ నిటారుగా ఉండి, కర్ర పగలకుండా ఉంటే రెండు వేల రూపాయలు ఇస్తామని రాశాడు. వెంటనే జవాబు రాయమన్నాడు.

జమ్మలమడుగులో రెండు గదుల మిద్దె ఇల్లు రెండు వేలకు వస్తుంది.

గఫూర్ చెప్పింది నిజం.


2-3-1968

లెటర్ వయొలిన్ పెట్టెలో గుడ్డ కింద పెట్టాను. ఎవరూ తెరవరు.


4-3-1968, సోమవారం

సర్దార్ వచ్చాడు.

కలకత్తా పని అని చెప్పాను. పేరున్న కంపెనీ కాదన్నాను. కార్ఖానా ఎప్పుడో మూతపడిందన్నాను. దీని తంతులు తెగితే మళ్లీ దొరకవన్నాను. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. తర్వాత రెండు వందలు చేస్తుందన్నాను. మీకు ఇష్టమైతే ఆ రెండు వందలు నేనే ఇచ్చి ఉంచుకుంటానన్నాను.

సర్దార్ సంతోషపడ్డాడు. ప్రొద్దుటూరోడు ఇరవై అన్న్యాడు, నువ్వు పదింతలు ఇస్తాండావు, నీ మనసు పెద్దదక్కా అన్నాడు.

పోస్టాఫీసు నుంచి తీసిన డబ్బు చేతిలో పెట్టాను. లెక్కపెట్టుకోకుండా జేబులో పెట్టుకుని సాయంత్రం బస్సుకు పోయాడు.

సాయంత్రం వాయించాను. బాగానే వినపడింది.


13-3-1968, బుధవారం

బక్రీద్ అయ్యాక సర్దార్ వచ్చాడు. కొత్త పాట స్వరాలు రాయించుకోవడానికి. వాళ్ల అత్త ఎలా ఉందని నేను అడగలేదు. తనే చెప్పాడు. అతనిది లావు గొంతు, ప్రతి మాటా నాకు వినపడింది.

డబ్బు ఇస్తే గుల్జార్‌బీ ముట్టుకోలేదట. గూట్లో పెట్టమందట. ఇరవై ఏండ్లు నాతో అబద్ధమాడినాడా ఆ మనిషి అని ఒక్క మాట అందట. మరుసటి దినం తలుపు దగ్గర నిలబడి పక్కింటి చాంద్‌బీని పిలిచి, మీరు నవ్వింది న్యాయమే, నాకే తెలివి లేకపోయె అని తనే చెప్పిందట. గఫూర్ చొక్కాలు, టోపీ, చేతికర్ర మూట కట్టి వీధిలో పోయే ఫకీరుకు ఇచ్చేసిందట.

మామ పేరు ఎత్తితే మొగం తిప్పుకుంటాందక్కా, మనిషి పోయినప్పుడు గూడా ఇట్ల కాల్యా అన్నాడు. ఏ మాటకా మాట, మామ మంచోడు, ఎందుకట్ల చెప్పినాడో అన్నాడు.

నేను స్వరాలు రాస్తూనే ఉన్నాను. తప్పులు రాశాను. సర్దార్ పట్టుకున్నాడు.


16-3-1968

వాయించలేదు.


17-3-1968

వాయించలేదు.


20-3-1968, బుధవారం

గుంతకల్లు నుంచి జవాబు. నేను లెటర్ రాసిన సంగతే మరిచిపోయాను. ఇప్పటి సెక్రటరీ, రిటైరైన పాత సెక్రటరీకి పంపాడట. ఆయన వణికే చేత్తో నాలుగు పేజీలు రాశాడు.

గిటారు ఇంజన్ డ్రైవర్ హారిస్‌దట. ముప్పై తొమ్మిదిలో కలకత్తా నుంచి రైల్లో తెప్పించుకున్నాడు. శనివారాలు ఇన్‌స్టిట్యూట్ డాన్సుకు వాయించేవాడు. అతని భార్య రెండేళ్లు మంచం పట్టింది. క్వార్టర్స్‌లో కుళాయి లేదు. ఆ రెండేళ్లూ గఫూర్ డ్యూటీకి వచ్చే ముందు మంచినీళ్లు మోసి ఇచ్చాడు. ఒక్క పైసా తీసుకోలేదు. నలభై ఎనిమిదిలో వాళ్లు ఆస్ట్రేలియా పోయేటప్పుడు ప్లాట్‌ఫారం మీద హారిస్ దీన్ని గఫూర్ చేతికిచ్చి, ఇది ఇల్లంత ధర చేస్తుంది, తెలియనివాళ్లకు అమ్మొద్దు, తెలిసినవాళ్లు వచ్చేదాకా ఆగు అని చెప్పాడట. ఆ పాత సెక్రటరీయే, నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను, గఫూర్ క్షేమంగా ఉన్నాడా, నా సలాములు చెప్పండి అని రాశాడు.

తెలిసినవాళ్లు వచ్చేదాకా ఆగమన్నాడు. గఫూర్ ఇరవై ఏళ్లు ఆగాడు. తెలిసినదాన్ని నేను వచ్చాను.


21-3-1968, గురువారం, తెల్లవారి 6

మొదటి బస్సుకు పోతున్నాను. గిటారు, రెండు లెటర్లు. ప్రొద్దుటూరుకు నిన్న సాయంత్రమే మనిషి చేత కబురు పంపాను, సర్దార్‌ను జమ్మలమడుగుకు రమ్మని. అన్నయ్య ఎక్కడికి అని అడిగాడనుకుంటాను. పెదాలు సరిగ్గా చూడలేదు.


22-3-1968, శుక్రవారం

నిన్నటిది రాయాలి.

ముద్దనూరులో బస్సు మారేటప్పుడు తిరిగి వెళ్లిపోదామనుకున్నాను. కండక్టరు గిటారు టాపు మీద వేయమన్నాడు, వీల్లేదన్నాను. రెండు టిక్కెట్లు తీసుకుని పక్క సీట్లో పెట్టుకున్నాను.

సర్దార్ ముందే వచ్చి గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. గుల్జార్‌బీ గోడకు ఆనుకుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది. నేను కూర్చోలేదు. రెండు వేలు అన్నాను. మొదటి తారీకునే లెటర్ వచ్చింది, దాచాను, మీకు అబద్ధం చెప్పాను అన్నాను. బస్సులో అనుకున్న మాటలు చాలా ఉన్నాయి. అవి వదిలేసి రెండు లెటర్లూ తీసి ఆమె ముందు పెట్టాను.

సర్దార్ తల దించుకున్నాడు. గుల్జార్‌బీ నన్ను తిట్టలేదు. లెటర్ చదవమంది. ఇంగ్లీషుది, తెలుగులో చెబుతూ చదివాను. రెండోది కూడా చదవమంది. హారిస్ భార్యకు నీళ్లు మోసిన సంగతి ఆమెకు తెలియదట. ఆ చోటు మళ్లీ చదవమంది. చదివాను. మళ్లీ అంది.

తర్వాత సర్దార్‌ను పంపి చాంద్‌బీని, వీధి ఆడవాళ్లను పిలిపించింది. ఎనిమిది మంది వచ్చారు. గది నిండిపోయింది. మగవాళ్లు కొందరు వీధి అరుగు మీద నిలబడ్డారు. గుల్జార్‌బీ గడప దాటదు కదా, తలుపు రెండు రెక్కలూ తెరిపించి, బయటోళ్లకు గూడా వినపడేట్టు చదువు అంది. నేను చదివాను. నా గొంతు ఎంత పెద్దగా వస్తోందో నాకు తెలియదు. చాంద్‌బీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకోవడం చూసి, చాలా గట్టిగా చదువుతున్నానని అర్థమైంది. తగ్గించలేదు. గఫూర్ పేరు వచ్చిన ప్రతిసారీ ఇంకా గట్టిగా చదివాను.

ఎవరూ నవ్వలేదు. చాంద్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అరుగు మీద ముసలాయన ఒకడు టోపీ సర్దుకుని, అల్లా ఆయప్పకు జన్నత్ ఇయ్యనీ అన్నాడని సర్దార్ తర్వాత చెప్పాడు.

అందరూ పోయాక గుల్జార్‌బీ అడిగింది. నా ఎదురుగా కూర్చుని, నా మొహంలోకి చూస్తూ. ఎందుకు చేస్తివి ఈ పని, నీకు వయొలిన్ ఉండాది గదా, పిల్లోళ్లు ఇచ్చే జీతం ఉండాది, అన్న ఉండాడు.

నా చెవులు పోతున్నాయి అన్నాను. ఈ వాద్యం ఒక్కటే వినపడుతోంది, అందుకని అన్నాను. ఒక మనిషితో ఆ మాట అనడం అదే మొదటిసారి.

తర్వాత అంది. ఆ మాటలు ఒక్కటి కూడా తప్పిపోకుండా నాకు అందాయి. చెవుల్లేవు అని అడిగింటే ఇచ్చిందునేమో, నువ్వు అడగల్యా అంది.

మళ్లీ చేట ముందుకు లాక్కుని బియ్యం ఏరసాగింది. ఏరుతూనే అంది, ఆ మద్రాసాయనకు ఉత్తరం నువ్వే రాయి, ఇంకొకసారి అబద్ధమాడేంత గుండె నీకుండదు. గూట్లోనించి నా నోట్లు తీయించి సర్దార్ చేత నాకిప్పించింది. మడత కూడా విప్పలేదు.

ఫకీరుకిచ్చిన చొక్కాలు ఎక్కడ దొరుకుతాయని సర్దార్‌ను అడిగింది. ఆ ఫకీరు ఎర్రగుంట్ల వైపు పోయినాడంట, చూస్తాలే అత్తా అన్నాడు.

గిటారు అక్కడే వదిలి వచ్చాను. బస్సులో పక్క సీట్లో ఎవరో ఆడమనిషి కూర్చుంది. ఏదో అడిగింది. తల ఊపాను.


1-4-1968, సోమవారం

డిక్రూజ్ రిప్లై. రెండు వేలు ఖాయం. ఎర్రగుంట్ల స్టేషన్ నుంచి పార్శిల్ చేయమన్నాడు. చెక్కపెట్టె కొలతలు కూడా పంపాడు.

సర్దార్ చొక్కాల కోసం మైదుకూరు దాకా పోయాడట. టోపీ ఒక్కటి దొరికింది.


11-4-1968, గురువారం

జమ్మలమడుగు పోయి వచ్చాను. పెట్టెలో గడ్డి, పాతగుడ్డలు వేసి సర్దడం నా పని అయింది. నేను వస్తే ఆమె వద్దనదు, రమ్మనీ అనదు. టీ ఇచ్చింది. సాసర్‌లో పోసి.

మూత వేయబోతుంటే ఆగమంది. ఇన్నేండ్లు ఇంట్లో ఉండింది, దీని గొంతు ఎట్లుంటుందో నాకు తెలీదు అంది. ఏ పాట వాయించాలని అడిగాను. పాట వద్దు, ఈ గడువులో పాట కూడదు, ఊరికే ఒకసారి మోగించు అంది.

కింది తంతి మీటాను. ఆమె వచ్చి కర్ర మీద అరచెయ్యి పెట్టింది. అది ఆగేదాకా తీయలేదు. ఇంకొకటి, ఇంకొకటి. నాలుగూ అయ్యాయి. తల వంచుకుని ఏదో అంది. మొహం కనపడలేదు, పెదాలు కనపడలేదు. ఏమన్నారని అడగలేదు. నాతో అన్నది కాదనుకున్నాను.

సర్దార్ బండిలో పెట్టెను ఎర్రగుంట్లకు తీసుకుపోయాడు. మలుపు తిరిగేదాకా ఆమె తలుపు లోపల, నేను తలుపు బయట నిలబడ్డాం.


12-4-1968

ఇల్లంతా నిశ్శబ్దం.


2-5-1968, గురువారం

జమ్మలమడుగు బ్యాంకులో గుల్జార్‌బీ పేరున మద్రాసు డబ్బు పడిందని సర్దార్ కబురు పంపాడు.

ఈరోజు పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పాను. నాకు వినపడదు, సంవత్సరంగా మీ వేళ్లు చూసి చెబుతున్నాను, మీరు తప్పు వాయించినా బాగుందన్న రోజులు ఉంటాయి అన్నాను. కడపలో ఒక మాస్టారికి లెటర్ రాశాను, వారానికోసారి వస్తాడు అన్నాను. అలివేలు ఏడ్చింది. ఆ పిల్ల ఏడుపు కూడా చూశానే గానీ వినలేదు.

సాయంత్రం అన్నయ్యకు చెప్పాను. అన్నీ చెప్పాను, లెటర్ దాచింది కూడా. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. చాలాసేపు ఏదో మాట్లాడాడు. అటు తిరిగి మాట్లాడాడు.


12-5-1968, ఆదివారం

అన్నయ్య అంగట్లో ఒక పలక, బలపాల డబ్బా కొన్నాడు. పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడి, ఆఫీసు ఫైలు మీద రాసినట్టు గుండ్రంగా రాసి చూపించాడు. కాఫీ తయారు. చక్కెర తక్కువ.

నేను బలపం తీసుకుని కింద రాశాను. పర్వాలేదు.

చదివి, తుడిచి, ఇంకొకటి రాశాడు. నేనూ రాశాను. గంటసేపు అలా రాసుకుంటూనే ఉన్నాం. నేను మాట్లాడగలనన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.